బ్రేక్ ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలా? కొలిచి తేల్చుకునే పద్ధతి

కారు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని తెలిసిన రోజునే ఈ ప్రశ్న ఎదురవుతుంది. ప్యాడ్లు ఎలాగూ మార్చాలి. మరి డిస్కుల సంగతేంటి? అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "చక్రాలు విప్పారు కదా, పనిలో పనిగా అవి కూడా మార్చేయండి" అని ఒకరంటారు. "డిస్కులకేం కాలేదు, ఇంకో రెండు సెట్ల ప్యాడ్లు లాగేస్తాయి" అని ఇంకొకరంటారు. చాలాసార్లు ఈ ఇద్దరిలో ఎవరూ డిస్కును కొలిచి చూసి ఉండరు.

కొన్నేళ్ల క్రితం నేనూ కొలవకుండానే నిర్ణయం తీసుకున్నాను. డిస్కులు నున్నగా మెరుస్తున్నాయి కదా అని ముందు చక్రాలకు ప్యాడ్లు మాత్రమే మార్పించాను. ఏడాది తిరిగేసరికి బ్రేక్ వేసినప్పుడల్లా స్టీరింగ్ వణకడం మొదలైంది. విప్పి కొలిస్తే డిస్కులు ఉండాల్సిన కనిష్ఠ మందం కంటే కిందికి దిగిపోయాయి. డిస్కులు మార్చక తప్పలేదు. సగం కూడా అరగని ప్యాడ్లను వాటితో పాటే పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేను వేసుకునే ప్రశ్న మారింది. డిస్క్ ఇవాళ ఎలా ఉందని అడగను. ఇప్పుడు వేసే కొత్త ప్యాడ్లు పూర్తిగా అరిగేదాకా ఈ డిస్క్ నిలబడుతుందా అని అడుగుతాను. దీనికి జవాబు కంటికి కనబడదు, కొలతలోనే దొరుకుతుంది. ఆ కొలత ఎలా తీసుకోవాలి, తీసుకున్నాక ఎలా లెక్కకట్టాలి అన్నదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

డిస్క్ సన్నబడితే నష్టమేమిటి?

చాలా కార్లలో డిస్కులు పోత ఇనుముతో చేస్తారు. డిస్క్ పని ప్యాడ్లకు రాపిడి తలం ఇవ్వడంతో అయిపోదు. బ్రేక్ వేసినప్పుడు పుట్టే వేడిని మింగి, నెమ్మదిగా గాలికి వదలడం దాని అసలు పని. 1,400 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని పూర్తిగా ఆపాలంటే బ్రేకులు దాదాపు 540 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. బ్రేక్ వేయగానే కారు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి అందులో ఎక్కువ వాటా ముందు డిస్కుల మీదే పడుతుంది. ఒక్కో ముందు డిస్కుకు 190 కిలోజౌళ్లు అనుకుంటే, 6 కిలోల డిస్క్ ఆ ఒక్కసారికే దాదాపు 70 డిగ్రీలు వేడెక్కుతుంది. అది 2 మి.మీ. అరిగేసరికి అర కిలో దాకా ఇనుము పోతుంది, అప్పుడు అదే బ్రేకుకు 75 డిగ్రీలు ఎక్కుతుంది. ఒక్కసారికి ఇది చిన్న తేడానే. నిండా మనుషులతో, సామానుతో కొండ దారి దిగుతూ వరసగా బ్రేక్ వేస్తున్నప్పుడు మాత్రం ఈ తేడాలన్నీ పోగుపడతాయి.

వేడి ఒక్కటే సమస్య కాదు. ముందు డిస్కులు ఎక్కువగా రెండు పలకలుగా ఉంటాయి, మధ్యలో గాలి పోయే సందులు ఉంటాయి. అరుగుదలంతా ఈ రెండు పలకలదే. పలక సన్నబడిన కొద్దీ పగులు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంకో ప్రమాదం క్యాలిపర్ లోపల ఉంటుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం అది, నొక్కే పని అందులోని పిస్టన్‌ది. డిస్క్ బాగా అరిగి, దాని మీద ప్యాడ్ కూడా అరిగితే పిస్టన్ తన గూటి నుంచి మామూలు కంటే ఎక్కువ బయటికి రావాల్సి వస్తుంది. హద్దు దాటితే సీలు పట్టు తప్పి బ్రేక్ ఆయిల్ కారిపోవచ్చు. డిస్క్ మీద కనిష్ఠ మందం అచ్చు వేసి మరీ చెప్పడానికి కారణాలు ఇవే.

మొదటి పని: విప్పకముందు నడిపి చూడండి

ఖాళీగా, సురక్షితంగా ఉన్న రోడ్డు మీద గంటకు 80 కి.మీ. వేగం నుంచి మెల్లగా, ఒకే ఒత్తిడితో బ్రేక్ వేసి గమనించండి. పెడల్ కాలి కింద కొట్టుకుంటున్నట్టుగా ఉంటే డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేదని అనుమానించాలి. దానితో పాటు స్టీరింగ్ కూడా వణికితే సమస్య ముందు చక్రాల్లో ఉండే అవకాశం ఎక్కువ. సీటు కింద మాత్రమే వణుకు తెలిస్తే వెనక డిస్కులను చూడాలి. బ్రేక్ వేయకపోయినా స్టీరింగ్ వణుకుతుంటే మాత్రం డిస్కులను నిందించకండి, వీల్ బ్యాలెన్సింగ్ లాంటివి ముందు చూపించండి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తే పెడల్ అదిరినట్టు అనిపిస్తుంది. అది మామూలే.

శబ్దం కూడా చాలా చెబుతుంది. కీచుమనే సన్నని శబ్దం చాలావరకు ప్యాడ్‌కు ఉండే హెచ్చరిక రేకు డిస్కును తాకడం వల్ల వస్తుంది. ప్యాడ్లు మార్చే సమయం వచ్చిందని దాని అర్థం. గరగరమని ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు వస్తే ప్యాడ్ పూర్తిగా అయిపోయి, దాని వెనక ఉండే ఇనుప పలక డిస్కును కోస్తోందని అనుకోవాలి. ఈ శబ్దం విన్నాక కారు నడపకపోవడమే మంచిది.

రెండో పని: చక్రం విప్పి రెండు వైపులా చూడటం

కారు మట్టమైన గట్టి నేల మీద ఉండాలి. నేల మీద ఉండే చక్రాలకు అడ్డాలు పెట్టాలి. జాకీతో లేపాక స్టాండు మీదికి దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు దగ్గర చేతులు పెట్టి పని చేయకండి, ఈ విషయంలో ఏ మినహాయింపూ వద్దు. కారు నడిపి వచ్చిన వెంటనే డిస్కును ముట్టుకోవద్దు. బ్రేక్ దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేక్ క్లీనర్ చల్లి తడిపి తుడవండి.

చక్రం విప్పాక డిస్క్ బయటి వైపు కళ్లముందే ఉంటుంది. చాలామంది దాన్ని చూసి సరిపెట్టుకుంటారు. నేను చేసిన పొరపాటూ అదే. నిజం చాలాసార్లు లోపలి వైపు ఉంటుంది. ఎక్కువ కార్లలో క్యాలిపర్ పిస్టన్ లోపలి వైపునే ఉంటుంది, క్యాలిపర్ అటూ ఇటూ జారడానికి రెండు స్లైడ్ పిన్నులు ఉంటాయి. ఆ పిన్నులు బిగుసుకుపోతే లోపలి ప్యాడే ఎక్కువ పని చేసి ముందు అరిగిపోతుంది. బయటి ప్యాడ్ 5 మి.మీ. ఉండగానే లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి డిస్కును కోసేసిన సందర్భాలు ఉంటాయి. అందుకే క్యాలిపర్ తీసి, టార్చ్ లైట్, చిన్న అద్దం పట్టుకుని లోపలి ముఖం మొత్తం తిప్పి చూడండి. తీసిన క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి.

తీసిన ప్యాడ్లను పారేయకుండా పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ దాదాపు ఒకేలా అరిగి ఉంటే డిస్క్, క్యాలిపర్ సరిగానే పనిచేశాయని చెప్పొచ్చు. ఒకటి ఏటవాలుగా అరిగినా, ఒక వైపు మరీ ఎక్కువ అరిగినా ముందు ఆ కారణం సరిచేయాలి. లేకపోతే కొత్త డిస్కులు వేసినా అదే కథ మళ్లీ మొదలవుతుంది.

కొలవకుండానే తేలిపోయే సందర్భాలు

కొన్ని గుర్తులు కనబడితే మైక్రోమీటర్ (మందాన్ని చాలా సూక్ష్మంగా కొలిచే పరికరం) బయటికి తీయాల్సిన పని లేదు. డిస్క్ అంచుదాకా పాకిన పగులు ఒక్కటి ఉన్నా మార్చాల్సిందే. వెంట్రుక లాంటి సన్నని గీతలు, ముఖం మీద మాత్రమే అక్కడక్కడ ఉంటే అవి వేడికి వచ్చిన పైపై గీతలు కావచ్చు. గోటికి తగిలేంత లోతుగా ఉన్నా, అంచు వైపు పాకుతున్నా సందేహించకుండా మార్చేయండి. చిల్లులున్న డిస్కుల్లో ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు పగులు కలుస్తుందేమో చూడండి.

ప్యాడ్ ఇనుప పలక కోసిన లోతైన గాడులు ఉంటే కూడా అంతే. మామూలు వాడకంలో పడే సన్నని వలయాల గీతలకు కంగారుపడొద్దు, అవి దాదాపు ప్రతి డిస్క్ మీదా ఉంటాయి. గాడి లోతు 1.5 మి.మీ.కి చేరితే మాత్రం ఆ డిస్కును నేను ఉంచను.

తుప్పు విషయంలో తేడా తెలుసుకోవాలి. వాన పడ్డ రాత్రి తర్వాత డిస్క్ మీద కనిపించే నారింజ రంగు పొర రెండు మూడు బ్రేకులకే పోతుంది. ప్యాడ్ రాసుకునే పట్టీలోనే తుప్పు తిని గుంటలు పడితే ఆ డిస్క్ పని అయిపోయినట్టే. ఇది ఎక్కువగా వెనక డిస్కుల్లో, తక్కువ తిరిగే కార్లలో కనిపిస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మోటారే వేగాన్ని చాలావరకు తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు డిస్కును తుడవడం తగ్గుతుంది, అందుకే వాటి డిస్కులు అరిగేలోపే తుప్పు పట్టి పోవచ్చు. గాలి సందుల లోపల కూడా చూడండి. లోపలి రెక్కలు తుప్పుతో ఊడుతుంటే పై ముఖం ఎంత మెరిసినా లాభం లేదు.

నీలం రంగు మచ్చలున్న డిస్క్ గురించి ఒక మాట. విపరీతమైన వేడికి పోత ఇనుము కొన్ని చోట్ల రూపం మారి చాలా గట్టిపడుతుంది. ఆ మచ్చలు చుట్టుపక్కల ఇనుములాగా అరగవు, కొన్నాళ్లకు గుట్టల్లా పైకి తేలతాయి. లేత్ మీద పైపొర తీసినా అవి లోపలి దాకా ఉంటాయి, మళ్లీ వణుకు వస్తుంది. ఇలాంటి డిస్కును మార్చేయడమే మంచిది.

మూడో పని: మందం కొలవడం

ముందు కొలతకు హద్దు ఏమిటో కనుక్కోవాలి. డిస్క్ అంచు మీదో, మధ్యలో టోపీలా లేచిన భాగం మీదో 'MIN TH' (కనిష్ఠ మందం) అనే ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన ఒక అంకె అచ్చు వేసి ఉంటాయి. తుప్పు కప్పేసి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దండి. అయినా కనబడకపోతే మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. ముందు డిస్క్ కొత్తగా 22 నుంచి 28 మి.మీ. దాకా ఉండటం, కనిష్ఠం దానికి 2 మి.మీ. తక్కువగా ఉండటం మామూలు. వెనక సన్న డిస్కులు తరచూ 10 మి.మీ. దగ్గర మొదలై 8 దగ్గర ముగుస్తాయి. ఇవి ఒక అంచనా కోసం మాత్రమే. మీ డిస్కుకు దాని మీద ఉన్న అంకే లెక్క.

కొలవడానికి మైక్రోమీటర్ ఉత్తమం. రెండు దవడల మధ్య పట్టి కొలిచే వెర్నియర్‌తో ఒక చిక్కుంది. ప్యాడ్ డిస్క్ బయటి అంచుదాకా తాకదు కాబట్టి అక్కడ అరగని గట్టు ఒకటి మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటాయి, అరిగిన డిస్క్ కూడా కొత్తదానిలా కొలతకు వస్తుంది. మీ దగ్గర వెర్నియరే ఉంటే ఒకే మందం ఉన్న రెండు చదునైన వాషర్లు తీసుకోండి. గట్టుకు లోపల, డిస్కుకు చెరో వైపు ఒక్కో వాషర్ ఆనించి, రెండూ కలిపి కొలిచి, వాషర్ల మందం తీసేయండి. ఉదాహరణకు వాషర్లు చెరో 2 మి.మీ., వెర్నియర్ 27.2 చూపిస్తే డిస్క్ మందం 23.2 మి.మీ.

ఒక చోట కొలిచి ఊరుకోకండి. బయటి అంచు నుంచి దాదాపు 10 మి.మీ. లోపలికి, చుట్టూ సమాన దూరాల్లో 8 చోట్ల కొలవండి. కొలిచే ముందు ఆ చోటును శుభ్రంగా తుడవండి, చిన్న తుప్పు పెంకు కూడా కొలతను మార్చేస్తుంది. ఎనిమిది అంకెలూ కాగితం మీద రాసుకోండి. అందులో అతి తక్కువదే మీ డిస్క్ మందం, సగటు తీయకండి. అతి ఎక్కువకూ అతి తక్కువకూ మధ్య తేడాను వేరుగా రాసి పెట్టండి, దాని పని కాసేపట్లో ఉంది.

కార్బన్ సెరామిక్ డిస్కులున్న ఖరీదైన కార్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటి అరుగుదలను బరువును బట్టి చూస్తారు, కనిష్ఠ బరువు డిస్క్ మీదే ఉంటుంది. బైకు డిస్కుల మీద కూడా కనిష్ఠ మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిచే తీరు ఇదే.

నాలుగో పని: లెక్క

అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. డిస్క్ కొత్తగా 24.0 మి.మీ., కనిష్ఠం 22.0 అనుకుందాం. ఇప్పుడు 23.2 ఉంది, కొత్తగా వేసినప్పటి నుంచి ఒక్క సెట్ ప్యాడ్లే అరిగాయి. అంటే ఒక సెట్ ప్యాడ్లకు 0.8 మి.మీ. డిస్క్ పోయింది. వచ్చే సెట్టుకూ అంతే పోతుందనుకుంటే చివరికి 22.4 మిగులుతుంది. హద్దుకు పైనే ఉంది, డిస్కును ఉంచుకోవచ్చు.

ఇప్పుడు అదే డిస్క్ 22.7 దగ్గర ఉందనుకోండి. ఇంకా హద్దుకు పైనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది ఒక్క సెట్టుతోనే 1.3 మి.మీ. అరిగితే, వచ్చే సెట్ అయ్యేసరికి 21.4కు దిగిపోతుంది. మధ్యలోనే హద్దు దాటుతుంది. ఇప్పుడే మార్చాలి. నా కారుకు ఇలాంటిదే జరిగింది.

మూడో సందర్భం చూడండి. అదే 22.7, కానీ అప్పటికి మూడు సెట్ల ప్యాడ్లు అరిగాయి. సెట్టుకు 0.43 చొప్పున లెక్కేస్తే చివరికి దాదాపు 22.27 మిగులుతుంది. ఇంకో సెట్టు లాగుతుంది, ఆ తర్వాత ప్యాడ్లతో పాటే డిస్కులు తప్పకుండా మార్చాలి. మందం ఒకటే, జవాబులు రెండు. "ఎంత మందం ఉంటే మార్చాలి?" అని ఒక్క అంకె అడిగేవాళ్లకు నేను సూటిగా జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

పాత కారు కొన్నారు, ఇంతకుముందు ఎన్ని సెట్లు వేశారో తెలియదు. అప్పుడేం చేయాలి? అరగని ఆ అంచు గట్టే సాయపడుతుంది. తుప్పు గీకేసి గట్టు మీద కొలిస్తే డిస్క్ కొత్తగా ఉన్నప్పటి మందం దాదాపుగా తెలుస్తుంది. ఎన్ని సెట్లకు అంత అరిగిందో తెలియదు కాబట్టి, అరుగుదలకు ఇచ్చిన హద్దులో సగం కంటే ఎక్కువ మిగిలి ఉంటేనే నేను ఆ డిస్కును ఉంచుతాను. 24, 22 హద్దులున్న డిస్క్ అయితే 23కు పైన ఉండాలి.

ఒక జాగ్రత్త. ఈ లెక్క ప్యాడ్ల రకం మారనంతవరకే నిలుస్తుంది. లోహం పాలు ఎక్కువ ఉన్న ప్యాడ్లు డిస్కును త్వరగా తింటాయి, సెరామిక్ రకం తక్కువ తింటుంది. మెత్తని రకం నుంచి గట్టి రకానికి మారుతుంటే లెక్కలో మిగులు ఇంకాస్త ఎక్కువ పెట్టుకోండి.

ఐదో పని: వణుకు ఉంటే

పెడల్ కొట్టుకుంటుంటే "డిస్క్ బెండ్ అయింది" అనడం అందరికీ అలవాటు. నిజంగా వంగిపోవడం అరుదు. చాలాసార్లు జరిగేది వేరు. డిస్క్ హబ్ (డిస్కునూ చక్రాన్నీ బిగించే మధ్య భాగం) మీద సరిగ్గా కూర్చోదు. మధ్యలో తుప్పు రేణువు ఉన్నా, వీల్ నట్లు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ బిగించినా డిస్క్ రవ్వంత పక్కకు ఊగుతూ తిరుగుతుంది. గంటకు 100 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. బ్రేక్ వేయకపోయినా ప్రతి చుట్టుకూ డిస్కులో ఒకే చోటు ప్యాడ్‌కు తగులుతూ ఉంటుంది. అక్కడ కొంచెం ఎక్కువ అరుగుతుంది, లేదా ప్యాడ్ పదార్థం అంటుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మందంలో తేడా వచ్చి వణుకు మొదలవుతుంది. కొత్త డిస్కులు వేసిన రోజు బాగానే ఉండి, నెలల తర్వాత వణుకు వచ్చిందని బాధపడేవాళ్ల సమస్య ఎక్కువగా ఇదే.

మీరు రాసి పెట్టిన ఎనిమిది కొలతల మధ్య తేడా ఇప్పుడు చూడండి. 0.01 నుంచి 0.02 మి.మీ. తేడాకే కాలికి వణుకు తెలుస్తుంది. ఒక కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే కాగితంలో అయిదో వంతు తేడా చాలు. అందుకే దీన్ని పట్టుకోవాలంటే వెర్నియర్ సరిపోదు, మైక్రోమీటర్ కావాలి.

ఊగుడు కొలవాలంటే డయల్ గేజ్ (సూది రవ్వంత కదిలినా ముల్లుతో చూపించే పరికరం) కావాలి. వాషర్లు వేసి వీల్ నట్లతో డిస్కును హబ్‌కు సమంగా బిగించి, గేజ్ సూదిని బయటి అంచుకు 10 మి.మీ. లోపల ఆనించి, డిస్కును మెల్లగా ఒక చుట్టు తిప్పండి. చాలా కార్లకు 0.05 నుంచి 0.10 మి.మీ. దాకా హద్దు ఉంటుంది. దాటితే వెంటనే డిస్కును పారేయొద్దు. దాన్ని విప్పి, హబ్ ముఖాన్ని, డిస్క్ లోపలి ముఖాన్ని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, మళ్లీ బిగించి కొలవండి. ఇంకా ఎక్కువే ఉంటే డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి పెట్టి చూడండి. హబ్, డిస్కుల లోపాలు ఒకదానికొకటి ఎదురై కొలత హద్దులోకి రావచ్చు. అయినా రాకపోతే హబ్‌నే కొలవాలి. హబ్ వంకర ఉంటే కొత్త డిస్క్ కూడా అలాగే ఊగుతుంది.

లేత్ మీద చెక్కించడం

మందం బాగా ఉండి, ముఖం మాత్రం గాడులతోనో అసమానంగానో ఉంటే లేత్ మీద పైపొర తీయించుకోవచ్చు. ఇక్కడ కూడా అదే లెక్క. 23.4 ఉన్న డిస్క్ నుంచి రెండు వైపులా కలిపి 0.6 తీస్తే 22.8 అవుతుంది. అందులోంచి ఒక సెట్ ప్యాడ్ల అరుగుదల 0.8 తీసేస్తే 22.0, సరిగ్గా హద్దు మీద నిలబడింది. అలాంటప్పుడు చెక్కించే ఖర్చు దండగ. కొన్ని డిస్కులకు రెండు అంకెలు ఇస్తారు, చెక్కాక ఉండాల్సిన మందం ఒకటి, పారేయాల్సిన మందం ఇంకొకటి. చెక్కించేటప్పుడు మొదటి దాన్నే చూడాలి. డిస్కును కారు మీదే ఉంచి చెక్కే యంత్రం దొరికితే అదే నయం, హబ్ ఊగుడును కూడా కలుపుకుని సరిచేస్తుంది. చెక్కాక సబ్బు నీళ్లతో కడగాలి, ఇనుప పొడి ముఖం మీద ఉండిపోతే కొత్త ప్యాడ్లలో దిగబడుతుంది.

నా మటుకు నేను మామూలు కారు డిస్కులు ఇప్పుడు చెక్కించడం లేదు. ఉంచడమో, మార్చడమో, రెండే. చెక్కితే వేడి మింగే ఇనుమే పోతుంది కదా.

మార్చాలని తేలాక

ఒకే ఇరుసు మీద ఉన్న రెండు డిస్కులనూ కలిపే మార్చాలి. ఒకటే బాగా అరిగినా సరే. రెండు వైపులా బ్రేకు పట్టు వేరుగా ఉంటే కారు ఒక పక్కకు లాగుతుంది. ముందువి మార్చినంత మాత్రాన వెనకవి మార్చనక్కర్లేదు, వాటిని విడిగా కొలవండి. కొత్త డిస్కులకు పాత ప్యాడ్లు వేయకండి. పాత గాడులకు అలవాటుపడిన ప్యాడ్ కొత్త ముఖం మీద పూర్తిగా ఆనదు. వెనక డిస్కులు కొనేముందు ఒక సంగతి చూసుకోండి. కొన్ని రెనో, ప్యూజో కార్లలో వెనక డిస్కులోనే బేరింగ్ కలిసి ఉంటుంది, ఏబీఎస్ వలయం కూడా దానికే ఉంటుంది.

బిగించేటప్పుడు హబ్ ముఖం శుభ్రంగా ఉండాలి, ఇంతకుముందు చెప్పిన కారణం వల్లే. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా పూసే నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవండి. బూడిద రంగు పూత ఉన్న రకమైతే ఆ పూతను గీకొద్దు, ప్యాడ్ తాకే చోట అదే పోతుంది. స్లైడ్ పిన్నులు విప్పి తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజు రాయండి. పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోండి, ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది. కొన్ని వెనక పిస్టన్లు నెడితే పోవు, తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ జోలికి పోవద్దు.

వీల్ నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో చెప్పిన కొలతకే బిగించండి. కారు కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. ఇది మర్చిపోతే మొదటిసారి బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ నేలకు పోతుంది, కారు ఆగదు.

డిస్కులు ఉంచి ప్యాడ్లు మాత్రమే మారుస్తున్నా ఒక పని ఉంది. పాత ప్యాడ్ల పదార్థం పొరలా డిస్క్ మీద ఉంటుంది. 120 నంబరు గరుకు కాగితంతో రెండు ముఖాలూ అడ్డదిడ్డంగా రుద్ది, క్లీనర్‌తో తుడవండి. కొత్త ప్యాడ్ అంచు డిస్క్ అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద ఎక్కి కూర్చుంటోందేమో కూడా చూడండి. ఎక్కితే ప్యాడ్ ముఖం డిస్కుకు పూర్తిగా ఆనదు. గట్టును తీయించాలి, లేదా డిస్క్ మార్చుకోవాలి.

తర్వాత ప్యాడ్లను డిస్కుకు కుదుర్చుకోవాలి. ప్యాడ్ డబ్బా మీద పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి. లేకపోతే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 నుంచి 15 కి.మీ.కు మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ వేగం తగ్గించి, మళ్లీ పెంచండి. ఇలా 8, 10 సార్లు చేయండి. మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకండి, వేడి ప్యాడ్ డిస్క్ మీద అచ్చులా అంటుకుంటుంది. చివర్లో బ్రేక్ వాడకుండా కొన్ని నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వద్దు.

పని పూర్తయ్యాక ఒక కాగితం తీసుకుని తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, ఒక్కో డిస్క్ మందం, వేసిన ప్యాడ్ల రకం రాసి సర్వీస్ పుస్తకంలో పెట్టండి. వచ్చేసారి ప్యాడ్లు అరిగినప్పుడు, ఒక సెట్టుకు మీ డిస్క్ ఎంత అరుగుతుందో ఎవరినీ అడగకుండానే ఆ కాగితంలో దొరుకుతుంది.